ముఠా ఫోను నేర్చుకున్న మాటలు

రక్తం ఇచ్చేవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి. చర్చి యూత్‌లో అడగాలి.

పిన్ని కళ్లద్దాల కాడ విరిగింది. కళ్లు తెరవగానే ముందు అవే అడుగుతుంది. బాగుచేయించి దిండు పక్కన పెట్టాలి.

అమ్మ అద్దంకి నుంచి బస్సెక్కుతానంటోంది. ఇప్పుడే వద్దనాలి. ఎందుకు వద్దో చెప్పకూడదు.

మాటమూట కొత్త వెర్షన్ సాయంత్రంలోపు జనం ఫోన్లకు పంపాలి.

మాటమూట కొత్త వెర్షన్ పంపకుండా ఆపాలి.

శుక్రవారం పొద్దున ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని షారోన్ రాసుకున్న పనులివి. మందుల చీటీ వెనక, పెన్నుతో రాసుకుంది. ఫోన్లో రాసుకోవడం ఆమె ఈ వారంలోనే మానేసింది. ఫోన్లకు తెలుగు కీబోర్డు తయారుచేసే మనిషి ఫోన్లో రాయడానికి భయపడుతోందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆమెకు రాలేదు. చివరి రెండు పనులకూ పొసగదని రాసేటప్పుడే తెలుసు. అయినా రెండూ చేయాల్సినవే.

ఇంతవరకు జరిగింది ఇది. షారోన్ పిన్ని రెబ్కా మిరప సీజన్లో అద్దంకి వైపు నుంచి గుంటూరు వచ్చి, చెంచురామయ్య గారి కోల్డు స్టోరేజీ పక్క షెడ్డులో కాయలకు తొడిమలు తీసే పని చేస్తుంది. ఆడవాళ్లంతా ఒక ముఠా. ముఠా పెద్ద జాస్మిన్. సీజను నడుమ అదే షెడ్డులో కరీమున్ అనే తోటి కూలీ ఘాటుకు ఊపిరాడక చనిపోయింది. కాయలు కొంగున కట్టుకుపోతారని మేస్త్రి వీరబాబు తలుపుకు బయట తాళం వేయించాడు. లోపలివాళ్లు తలుపు బాదినా తాళం తీసేవాడు వేళకు రాలేదు. కాగితాల మీద మాత్రం కరీమున్ ఇంటి దగ్గర పోయినట్టు ఉంది. ఈ సంగతంతా రెబ్కా జిల్లా ఫిర్యాదుల యాప్‌లో తన పేరు పెట్టకుండా రాసింది. పోయిన శనివారం ఆ రాత సంగతి వీరబాబుకు తెలిసిపోయింది. సోమవారం షెడ్డులో టిక్కీల వరస, అంటే ఎత్తుగా పేర్చిన మిరప బస్తాల దొంతర, విరిగి రెబ్కా మీద పడింది. వరస ఒరగకుండా స్తంభానికి కట్టే తాడు తెగిందన్నాడు వీరబాబు. ప్రమాదం అని రాసుకున్నారు. రెబ్కా ఇంకా కళ్లు తెరవలేదు.

పేరు లేకుండా రాసిన ఫిర్యాదు వీరబాబు కంట ఎలా పడింది? పోయిన వారం ఈ ప్రశ్న దగ్గరే షారోన్‌ను వదిలాం. గురువారం ఆమెకు జవాబు దొరికింది. దొరకకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

తొడిమలు తీసే ముఠాల్లో ఒక అలవాటుంది. చాలామంది దగ్గర బొత్తాల ఫోన్లే ఉంటాయి. పెద్ద తెర ఫోను ముఠాకంతా ఒక్కటి. గుడ్డసంచిలో పెట్టి షెడ్డు స్తంభానికి తగిలిస్తారు. ఇంటికి వీడియో కాల్ చేయాలన్నా, పిల్లల పరీక్ష ఫలితాలు చూడాలన్నా, పని చేస్తూ బైబిలు వాక్యం వినాలన్నా అదే. దానికి పాస్‌వర్డ్ పెట్టరు. ఒక కుప్ప చుట్టూ కూర్చుని పనిచేసేవాళ్ల మధ్య దాపరికమేంటని. శనివారం మేస్త్రి వచ్చి అదే ఫోను తీసుకుని, వారంలో ఎంత కాయకు తొడిమ తీశారో యజమానికి రాసి పంపుతాడు. రెబ్కా తన ఫిర్యాదు ఆ ఫోన్లోనే రాసింది. పంపాక యాప్‌ను మొత్తంగా తీసేసింది. వండిన గిన్నె కడిగి బోర్లించినట్టే అనుకుంది.

యాప్ పోతే అందులో రాసింది పోతుంది. కీబోర్డు నేర్చుకున్నది పోదు. శనివారం వీరబాబు సందేశంలో ‘షెడ్డు’ అని కొట్టగానే, అక్షరాల మీద ఉండే సన్నటి పట్టీలో తర్వాతి మాట దానంతటదే వచ్చింది. దాన్ని నొక్కితే ఇంకోటి. అది నొక్కితే ఇంకోటి. అతను టిక్కీ మీద కూర్చుని బొటనవేలితో ఒకేచోట కొడుతూ ముందు నవ్వాడని, కాసేపటికి నవ్వు ఆగిందని, తలెత్తి “మీలో రాత వచ్చింది ఎవరే?” అన్నాడని జాస్మిన్ చెప్పింది. ఎవరూ నోరు విప్పలేదు. కళ్లు మాత్రం రెబ్కా వైపు తిరిగాయి. అతనికి అది చాలింది.

ఆ కీబోర్డు పేరు మాటమూట. చేసింది షారోన్ పనిచేసే చిన్న కంపెనీ.

*

బ్రాడీపేటలో జిరాక్సు షాపు పైన ఉంటుంది ఆఫీసు. షారోన్ మెట్లెక్కేసరికి కరుణాకర్ ఒక్కడే ఉన్నాడు. అతనే యజమాని, అతనే ఆమె గురువు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన షారోన్, ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషుకు నోరు పెగలక తిరిగొస్తున్న రోజుల్లో, “తెలుగులోనే చెప్పమ్మా, ప్రోగ్రాముకి ఏ భాషైనా ఒకటే” అని కుర్చీ వేసినవాడు. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్తారు.

“రక్తం దొరికిందా?” అన్నాడు.

“ఒకరు దొరికారు. అన్నా, ఆ లైను ఎందుకు తీశారు?”

అతను ఏ లైను అని అడగలేదు. లేచి వెళ్లి తలుపు దగ్గరకు వేశాడు.

ఆ లైను గురించి ఇక్కడ చెప్పాలి. ఫోన్లో ఏ యాప్ అయినా సరే, రాసే గడి మీద మనం వేలు పెట్టగానే కీబోర్డును పిలుస్తుంది. ఊరికే పిలవదు. ఒక చీటీ చేతిలో పెట్టి పిలుస్తుంది. ఇది ఫోను నంబరు గడి, అంకెలు చూపించు. ఇది పాస్‌వర్డు గడి, ఏ మాటా అందించొద్దు. అలాంటి చీటీల్లోనే ఒకటి, ఇక్కడ రాసేది నేర్చుకోవద్దు అని. ఫిర్యాదుల యాప్ చేసినవాళ్లు బుద్ధిగా ఆ చీటీ పెట్టారు. షారోన్ గురువారం స్వయంగా చూసింది. చీటీ వస్తోంది. మాటమూట దాన్ని చదవడం లేదు. ఒకప్పుడు చదివేది. ప్రోగ్రాములో ఆ చీటీ చదివి నేర్చుకోవడం ఆపే లైను ఉండేది. ఇప్పుడు లేదు. ఎవరు తీశారో ప్రోగ్రాము చరిత్రలో పేరుతో సహా ఉంది. అయినా అతని నోటితో వినాలనే ఆమె వచ్చింది.

“నేనే తీశా” అన్నాడు కరుణాకర్. “అది ఆర్డరు కాదు షారోనూ. రిక్వెస్టు. కీబోర్డు వినొచ్చు, వినకపోవచ్చు. వినకపోతే ఫోను అడ్డుపడదు. నీకు మొదటి నెలలో నేర్పింది నేనే.”

“వినాలని కూడా మీరే నేర్పారు.”

“నేర్పా.”

“రిక్వెస్టు చేసింది యాప్ కాదన్నా. ఆ గడిలో రాసుకునే మనిషి. ఆ మనిషికి చీటీ సంగతి తెలియదు. మనకు తెలుసు.”

కరుణాకర్ కుర్చీలో కూర్చోబోయి కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద జిరాక్సు మిషను ఆగకుండా తిరుగుతున్న చప్పుడు.

“నిన్న నువ్వు చెప్పాక నేను ఇంటికి పోలా. ఆ లైను మళ్లీ పెట్టా. దాంతోపాటు ఇంకోటి కూడా చేశా. కొత్త వెర్షన్ ఫోన్లో దిగగానే, అప్పటిదాకా మాటమూట నేర్చుకున్న మాటలన్నీ తుడిచేస్తుంది. అన్ని ఫోన్లలో. నువ్వు ఒకసారి సరిచూసి పంపడమే మిగిలింది.”

“ముఠా ఫోన్లో కూడా?”

“అన్ని ఫోన్లలో అంటే అన్నిట్లో.”

“దాంతో ఏం పోతుందో తెలుసా అన్నా? పిన్ని రాసింది వీరబాబు ఎట్లా చదివాడో చూపించడానికి లోకం మొత్తంలో ఉన్నది ఆ ఒక్క ఫోనే. అది తుడిస్తే టిక్కీలు వాటంతటవే పడ్డట్టు. అతనికేం తెలియనట్టు. తెలియనివాడికి పగ ఎందుకుంటుంది అంటారు.”

“తుడవకపోతే రేపేంటో చెప్పు.”

అతను గోడ మీది క్యాలెండరు వైపు చూపించాడు.

“రేపు శనివారం. ఈ షెడ్లలో తెలుగు మాటలు బాగా అందిస్తుందని మన కీబోర్డు మనమే తిరిగి తిరిగి వేయించాం. నువ్వూ తిరిగావు. రేపు పొద్దున అన్ని షెడ్లలో మేస్త్రీలు ఫోన్లు చేతిలోకి తీసుకుంటారు. ఏ ఆడమనిషి ఏం రాసుకుందో మనకు తెలుసా? మొగుడి మీద రాసుకుందో, మేస్త్రి మీద రాసుకుందో. వాడు ఒక అక్షరం కొడతాడు. మిగతాది మనం చదివి పెడతాం. ఇంకో రెబ్కా అవ్వాలా?”

“మీ భయం వాళ్ల కోసమేనా? కంపెనీ కోసం కాదా?”

“అదీ ఉంది” అన్నాడు కరుణాకర్ చప్పున. “లేదని ఎందుకు అబద్ధమాడాలి? మాటమూట జనం మాటలు బయటపెట్టిందని తెలిస్తే ఈ తలుపు మూతే. నువ్వు, నేను, ఆ పక్క కుర్చీల్లో కూర్చునేవాళ్లు, అందరం ఇంటికే. కానీ రేపటి సంగతి కూడా నిజమే గదా. రెండూ నిజమే.”

షారోన్ చేతిలోని మందుల చీటీ నలిగిపోయింది. పంపాలి. ఆపాలి. పొద్దున మెట్ల మీద తను రాసుకున్నదే ఇతను చెప్తున్నాడు.

“ఒకటి చెప్పండి” అంది. “లైను ఎందుకు తీశారు? మీరు అట్లా చేసే మనిషి కాదు. ఎవరైనా డబ్బు పెట్టేవాళ్లు అడిగారా? చెంచురామయ్య గారు అడిగారా?”

“కాదు.”

“మరి?”

“వద్దులే.”

“అన్నా, మా పిన్ని అక్కడ గొట్టాలతో పడుకుని ఉంది. నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారు?”

కరుణాకర్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే తుడుస్తూ ఉండిపోయాడు.

“మీ పిన్నే అడిగింది” అన్నాడు.

కింద జిరాక్సు మిషను ఆగింది. ఎవరో చిల్లర అడుగుతున్నారు.

“ఆరాధన అయ్యాక చర్చి వరండాలో పట్టుకుంది నన్ను. ‘బాబూ, మీ కీబోర్డు అన్నిట్లో మాటలు అందిస్తది గానీ, ఆ ఫిర్యాదు దాంట్లోకి పోతే మూగదై పోయిద్ది. నాకు ఒత్తులు కుదరవు. ఒక్క లైను రాసేసరికి అన్నం బెల్లు కొడుతున్నారు. మీరే ఏదన్నా చేసిపెట్టాలి’ అంది. చీటీ చూసి మనం ఆగిపోతున్నాం గదా, అందుకే మూగదైంది. అదే రోజు మధ్యాహ్నం కూర్చుని ఆ లైను తీసేశా. తర్వాతి ఆదివారం వచ్చి ‘ఇప్పుడు చక్కగా వస్తున్నాయి బాబూ’ అని రెండు చేతులూ పట్టుకుంది.” అతను కళ్లజోడు పెట్టుకోలేదు. “ఏం రాస్తున్నావమ్మా అని నేను అడగలా. అడిగితే చెప్పేదేమో. చెప్తే, ముఠా ఫోన్లో రాయబాక అనేవాడిని.”

షారోన్‌కు పిన్ని వేళ్లు గుర్తొచ్చాయి. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. బైబిలు గడగడా చదువుతుంది గానీ, రాయమంటే ఒక్కో అక్షరం వెతుక్కుంటుంది. తలుపు గురించి, తాళం గురించి, చచ్చిపోయిన మనిషి గురించి రాయాలని కూర్చున్న ఆ మనిషికి మాటలు అందలేదు. అందించమని అడిగింది. అందించారు. ఆ మాటలనే మేస్త్రికి కూడా అందించారు.

ఇతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. కోపం వస్తే తేలికగా ఉండేది.

తలుపు తీసుకుని వరండాలోకి వచ్చి, జాస్మిన్ బొత్తాల ఫోనుకు చేసింది.

“అత్తా, ముఠా ఫోను ఎక్కడుంది?”

“నా కాడే ఉంది తల్లా. షెడ్డుకి సెలవిచ్చారు గదా, తెచ్చుకున్నా. ఛార్జింగు పెట్టా. పిల్లలు బొమ్మలు చూత్తన్నారు.”

“నెట్టు ఉందా దాంట్లో?”

“బొమ్మలు రావాలంటే ఉండాలి గదా.”

“పిల్లల దగ్గర తీసుకో. ఇప్పుడే ఆపేయాలి. పక్కన పొడుగు బొత్తాం ఉంటుంది, అదిమి పట్టుకో.”

“ఒరేయ్, ఇటియ్యండ్రా! షారోన్ అత్త అడుగుతుందిరా. ఏడుపేందిరా, ఏమైందని... ఆఁ, పట్టుకున్నా. ఏందో గుండ్రాలొచ్చినయ్యి. నాకు అవి చదవటం రాదమ్మాయ్.”

“చదవక్కర్లా. ఎర్రగా ఉన్నది నొక్కు.”

అవతల పిల్లల ఏడుపు. కుక్కర్ కూత.

“నల్లగా అయిపోయింది” అంది జాస్మిన్. “చచ్చిందా ఏంది?”

“లేదత్తా. పడుకుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకు, వీరబాబు వచ్చి అడిగినా సరే. మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకురా. దారిలో వెలిగించొద్దు.”

లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చుంది. కరుణాకర్ రాసిందంతా మొదటి నుంచి చివరిదాకా చదివింది. చీటీ చదివే లైను ఉన్నచోట ఉంది. తుడిచేది తుడుస్తోంది. ఫిర్యాదుల యాప్ తెరిచి ఆఫీసు ఫోన్లో రాసి చూసింది. మాటమూట ఏమీ నేర్చుకోలేదు. మూగగా ఉంది. ఇకనుంచి పిన్నిలాంటివాళ్లు ఒత్తుల కోసం వెతుక్కోవాలి. దానికి వేరే దారి చూడాలి. అది ఇంకో రోజు పని.

పంపే బొత్తాం నొక్కింది. ఒక్కసారే అందరికీ చేరదు. రేపు పొద్దుటికి చాలా ఫోన్లకు చేరుతుంది. చేరనివాటి కోసం ప్రార్థన చేయడం తప్ప ఏమీ లేదు.

“ముఠా ఫోను ఆపించావా?” అన్నాడు కరుణాకర్ వెనక నుంచి. వరండాలో మాటలు వినే ఉంటాడు.

“ఆపించా. దాన్ని పోలీసులకు చూపిస్తా. చూపించేటప్పుడు, కీబోర్డు ఎందుకు నేర్చుకుందో చెప్పే మనిషి కావాలి. మీరొస్తారా?”

ఆమె విరిగిన కళ్లద్దాలు బ్యాగులో సర్దుకుని మెట్ల దగ్గరికి వెళ్లేదాకా కరుణాకర్ చూసి, “అద్దాల షాపు ఈ పక్క సందులోనే” అన్నాడు. “నా పేరు చెప్పు. వెంటనే చేసిస్తాడు.”

*

పెద్దాసుపత్రిలో ఐసీయూ బయట వరండా పొడుగునా చాపలు, ఫ్లాస్కులు, టిఫిను క్యారియర్లు. నర్సు బయటికొచ్చినప్పుడల్లా అన్ని తలలూ ఒక్కసారే లేస్తాయి. షారోన్ బాగుచేయించిన కళ్లద్దాలు నర్సు చేతికిచ్చింది. “దిండు పక్కన పెట్టండి సిస్టర్” అంటే, ఆవిడ ఏదో అనబోయి, తీసుకుని లోపలికి వెళ్లింది.

జాస్మిన్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. గొంతు పెద్దది. ముఠాలో ఎవరికి ఏ సాయం కావాలన్నా ముందు ఆమె దగ్గరికే వస్తారు. ఇప్పుడు ఆ గొంతు అడుక్కి పోయింది. ఒళ్లో గుడ్డసంచి. కుడిచేతికి పాత చీరపేలిక చుట్టుకుంది.

“చేతికేమైంది అత్తా?”

“ఏముంది, మిరపకాయ. సీజను పోయేదాకా ఇంతే గదా మన చేతులు.”

షారోన్‌ వాళ్లమ్మ చేతులు కూడా సీజను పొడుగునా అలాగే మండేవి. అన్నం కలపలేక చెంచాతో తినేది. ఇక అడగలేదు.

“అన్నం తిన్నావా నువ్వు? మొహం చూడు ఎట్టా పీక్కుపోయిందో. క్యారియర్లో పప్పుంది, తిను ముందు” అంది జాస్మిన్.

“తింటా. ఫోను ఇవ్వు.”

షారోన్ జడలోంచి పిన్నీసు తీసి ముఠా ఫోను పక్క కన్నంలో గుచ్చి, సిమ్ము బయటికి లాగింది. అప్పుడు వెలిగించింది. వెలగగానే విమానం గుర్తు నొక్కింది. ఇక ఏ వెర్షనూ ఈ ఫోనులోకి రాదు. తన సొంత ఫోనును క్యారియర్‌కు ఆనించి నిలబెట్టి వీడియో పెట్టింది. ముఠా ఫోను తెర, తన వేలు, రెండూ అందులో పడుతున్నాయి. రేపు ఎవరూ ఇది నువ్వే రాసుకున్నావు అనకూడదు.

“ఏం చేత్తన్నావ్ తల్లా?”

“పిన్ని రాసింది బయటికి తీస్తున్నా. నేను ఒక్క మాట రాస్తాను. మిగతావి అదే ఇస్తుంది. ఇచ్చినవి నొక్కడమే.”

“అంటే వీరబాబు చేసినట్టా?”

“అట్లాగే.”

జాస్మిన్ కొంచెం వెనక్కి జరిగి కూర్చుంది.

షారోన్ ఖాళీ పేజీ తెరిచి ‘షెడ్డు’ అని రాసింది. పట్టీలో మూడు మాటలొచ్చాయి. నడుమ ఉన్నది ‘తలుపుకి’. నొక్కింది. ‘బయట’. నొక్కింది. ‘తాళం’. నొక్కుతూ పైకి చదువుతూ పోయింది.

“షెడ్డు తలుపుకి బయట తాళం వేసి మమ్మల్ని లోపల కూర్చోబెట్టారు. ఘాటు ఎక్కువైంది. కరీమున్‌కి ఊపిరి అందలేదు. మేం తలుపు కొట్టాం. బయట మనుషులు ఉన్నారు. తాళంచెవి మేస్త్రి దగ్గర ఉందన్నారు. కరీమున్ మొహం మీద నీళ్లు చల్లాం. తలుపు సందు దగ్గర నోరు పెట్టించాం. తలుపు తీసేసరికి నా ఒళ్లోనే పోయింది.”

ఒకటి రెండు చోట్ల పట్టీ దారి తప్పింది. ‘నీళ్లు’ తర్వాత ఎవరో పిల్లాడు రాసిన ‘ట్యాంకు’ వచ్చింది. పక్క మాట నొక్కితే మళ్లీ పిన్ని గొంతులోకి వచ్చేది. ఎంత మామూలుగా రాసింది. తిట్టలేదు, శపించలేదు. జరిగింది జరిగినట్టు, కుప్ప ముందు కూర్చుని చెప్పినట్టు. వరండాలో పక్క చాపవాళ్లు మాటలాపి వింటున్నారు.

జాస్మిన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నిజమే తల్లా. అట్టాగే జరిగింది. నేనూ ఉన్నా అక్కడ. తలుపు బాదింది నేనే.”

ఒకటి తేల్చాలి. ఫిర్యాదులో పిన్ని తన పేరు రాయలేదు. రాయలేదన్నది కూడా వీడియోలో ఉండాలి. పేరు లేకపోయినా అతను పసిగట్టాడన్నదే అసలు సంగతి. షారోన్ కొత్త లైనులో ‘రెబ్కా’ అని కొట్టింది. ఈ ఫోనుకు ఆ పేరు తెలియకపోతే పట్టీ ఖాళీగా ఉంటుంది.

ఖాళీగా లేదు.

‘రెబ్కాని’ అంది పట్టీ.

పిన్ని తనను తాను అలా రాసుకోదు. షారోన్ నొక్కింది. ‘సోమవారం’. నొక్కింది. ‘రెండో’. ‘వరస’. ‘కింద’. ‘కూర్చోబెడతాం’.

ఇవి పిన్ని మాటలు కావు. శనివారం టిక్కీ మీద కూర్చుని, నవ్వు ఆగిపోయాక, వీరబాబు ఎవరికో రాసిన మాటలు. తన ఫోను నుంచి కాకుండా ముఠా ఫోను నుంచి పంపితే తన మీదికి రాదనుకున్నాడేమో. పంపి, సందేశం చెరిపేసి ఉంటాడు. పక్కమనిషి మాట తనకు చదివిపెట్టిన కీబోర్డు తన మాట కూడా నేర్చుకుంటుందని అతనికి తట్టలేదు. చీటీ లేని గడి అది. అక్కడ నేర్చుకోవద్దని ఎవరూ చెప్పలేదు.

ప్రమాదం కాదు. ఇదిగో, ప్రమాదం కాదు. వీడియో నడుస్తోంది. ఆమె ఇప్పుడు పైకి చదవడం లేదు. పెదవులు కదలకుండా నొక్కుతూ పోయింది.

‘తాడు’. ‘జాస్మిన్’. ‘వదిలిద్ది’.

తర్వాత పట్టీ చుక్క పెట్టింది.

షారోన్ వేలు తెర మీదే ఆగిపోయింది. తలెత్తలేదు. ఎత్తితే ఎదురుగా ఉన్న మొహం చూడాలి. వంచిన తలకు ఎదురుగా కనిపిస్తున్నవి జాస్మిన్ ఒళ్లు, ఆ ఒళ్లో గుడ్డసంచి, దాని మీద చీరపేలిక చుట్టిన చెయ్యి. మిరప మంటైతే వేళ్లకుండాలి. వేళ్లు బాగానే ఉన్నాయి. చుట్టింది అరచేతికి. బరువున్న తాడు జారిపోయేటప్పుడు కోసుకుపోయే చోటు అది.

“ఆగిపోయావేందమ్మా?” అంది జాస్మిన్. ఆమెకు చదవడం రాదు. “ఏం రాసుంది? రెబ్కా ఏమని రాసింది?”

లోపల ఏదో మిషను కూసింది. నర్సు పరుగున వెళ్లిన చెప్పుల చప్పుడు. వరండాలో తలలన్నీ లేచాయి. జాస్మిన్ తల లేవలేదు. ఆమె షారోన్‌నే చూస్తోంది.

“చెప్పు తల్లా. నా పేరేమన్నా రాసిందా?”

షారోన్ ఆ లైను అలాగే ఉంచి తెర మీద కింది లైనుకు వెళ్లింది. ‘కరీమున్’ అని కొట్టి, పట్టీ ఇచ్చిన మాటల్నే నొక్కుకుంటూ, పిన్ని రాసిన ఆఖరి వాక్యాలు వచ్చేదాకా పోయింది. అప్పుడు తలెత్తి, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ చదివింది.

“ఇట్లా రాసింది అత్తా. ‘కరీమున్ తొడిమ తీస్తే కాయ చిట్లేది కాదు. పాట పాడమంటే సిగ్గుపడేది. ఆమె ఇంటికాడ పోలేదు, మా మధ్యన పోయింది. మా పేర్లు మీకు అక్కర్లేదు. ఇది చదివేవాళ్లు ఎవరైనా సరే, కరీమున్‌ని గుర్తుపెట్టుకోండి.’”